పంతొమ్మిది రోజుల అరుగుదల

మూడో వాక్యం దాకా చదివి సూర్యకళ కాగితాన్ని బల్ల మీద పెట్టేసింది.

“ఇది నీ ఇంగ్లీషు కాదు.”

“కాదు. మా మేనేజరు కృష్ణంరాజుగారిది,” అన్నాడు దేవీప్రసాద్. “చేతిరాత నాది. తప్పులేటైనా ఉంటే దిద్ది ఇచ్చీ.”

“చేతిరాతలో తప్పుల్లేవు.”

“మరి ఇచ్చీ.”

“మూడో వాక్యంలో ఏటుందో తెలుసా నీకు?”

అతను మంచం కింద నుంచి బూట్లు లాగి, వాటిలో ఇసక దులుపుతూ కూర్చున్నాడు.

“తెలుగులో చెప్తాను విను. సిగ్నల్‌మన్ వీర్రాజు ఎవరూ చెప్పకుండా తనంతట తాను పసుపు గీత దాటి తాడు కిందకి వెళ్ళాడు. నా తమ్ముడు. నీ బావమరిది. నాచేత దిద్దించుకోడానికి తెచ్చినావు.”

“రాసినప్పుడే తెలుసు నాకు.”

“తెలిసే రాసినావా?”

“తెలీకపోతే అన్నిసార్లు చించుతానేటి? బుట్టలో చూడు. నాలుగు కాగితాలున్నాయి.”

ఆమె బుట్ట వైపు చూడలేదు.

ఆదివారం పదకొండున్నర. మల్కాపురంలో వాళ్ళు అద్దెకుంటున్న మేడమీది వాటాకి కిటికీలు రెండు. రేవు వైపుది ఎప్పుడూ మూసే ఉంటుంది. మూయకపోతే గంటలో మంచం దుప్పటి మీద బొగ్గు పొడి పేరుకుంటుంది.

బుధవారం ఉదయం తొమ్మిదీ పదికి బొగ్గు బెర్తులో ఒకటో క్రేన్ తాడు తెగింది. ఉక్కు తాడు. తెగిన కొస వచ్చి వీర్రాజు కుడికాలికి తగిలింది. గురువారం డాక్టర్లు ఆ కాలు మోకాలి పైకి తీసేశారు. సోమవారం, అంటే రేపు, పదకొండింటికి రేవులో ప్రమాదాలు విచారించే ఇన్‌స్పెక్టర్ వస్తాడు. ఆయన చూసేవి రెండే. షిఫ్టు పుస్తకం, షిఫ్టు ఇన్‌చార్జి రాసిచ్చే వాంగ్మూలం. బుధవారం ఉదయం షిఫ్టుకి ఇన్‌చార్జి దేవీప్రసాద్.

“గీత దాటాడా, లేదా?” అంది సూర్యకళ.

“దాటినాడు.”

“తనంతట తానే?”

“గీత ఇవతల నిలబడితే ఓడ లోపల ఏటి జరుగుతందో కనబడదు. కనబడకపోతే క్రేన్ వాడికి చెయ్యి ఎలగ ఊపుతాడు? సిగ్నల్ ఇచ్చేవోడు ఎవడైనా రోజూ దాటే నిలబడతాడు. కృష్ణంరాజుగారు కూడా దాటే నిలబడతారు, ఫొటో తీసుకున్నప్పుడు.”

“ఆ మాట రాయి.”

“ఫొటో సంగతా?”

“రోజూ దాటుతారని.”

దేవీప్రసాద్ రెండో బూటు దులిపాడు. “సూర్యా, నువ్వు దిద్దకపోయినా ఇస్తాను. తప్పులుంటే ఇన్‌స్పెక్టర్ నవ్వుకుంటాడు. అంతే.”

ఇంగ్లీషు విషయంలో నవ్వులపాలవడమంటే అతనికి భయం. ఆ భయంతోనే ఇదంతా మొదలైందని సూర్యకళకి శుక్రవారం తెలిసింది. ఆ రోజు ఇంకో షిఫ్టు ఇన్‌చార్జి నాగబాబు షిఫ్టు పుస్తకం ఫొటోలు పంపాడు. పంతొమ్మిది రోజుల పేజీలు.

మొదటి రోజు: రోప్ వేరింగ్ డౌన్. నాలుగో రోజు వేరే చేతిరాతలో: గ్రిప్ ఫాలింగ్ ఆఫ్. తొమ్మిదో రోజు: స్ట్రెంగ్త్ టేపరింగ్ ఆఫ్. పద్నాలుగో రోజు: రోప్ వేరింగ్ అవే. పద్దెనిమిదో రోజు దేవీప్రసాద్ చేతిరాత: రోప్ వేరింగ్ ఔట్ ఫాస్ట్. పంతొమ్మిదో రోజు గడి ఖాళీ. షిఫ్టు అయ్యాక రాయాల్సింది, షిఫ్టు మధ్యలోనే తాడు తెగింది.

ముగ్గురు ఇన్‌చార్జిలు, మూడు షిఫ్టులు. మాటలు మాత్రం ఒక్కరివే. సూర్యకళవి.

ఆరేళ్ళ క్రితం దేవీప్రసాద్‌కి షిఫ్టు అప్పగించిన కొత్తలో, పుస్తకంలో అతను రాసిన వాక్యాన్ని మీటింగులో ఎవరో పైకి చదివారు. అందరూ నవ్వారు. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. అప్పుడామె ద్వారకా నగర్‌లో తను స్పోకెన్ ఇంగ్లీషు చెప్పే సెంటర్ పుస్తకంలోంచి ఒక పాఠం తీసి తెల్లకాగితం మీద రాసిచ్చింది. మెల్లమెల్లగా తగ్గిపోవడాన్ని చెప్పే మాటలు. గాలి పడిపోతే డై డౌన్. మందు బలం తగ్గిపోతే వేర్ ఆఫ్. బ్యాటరీ అయిపోవస్తే రన్ డౌన్. రంగు వెలిసిపోతే ఫేడ్ అవే. జనం రాను రాను రాకుండా పోతే పీటర్ ఔట్. ఒక్కో మాట పక్కన తెలుగు అర్థం, కింద ఒక ఉదాహరణ.

క్లాసులో ఆ పాఠం చెప్పేటప్పుడు ఒక మాట తప్పకుండా అనేది. “పాడైపోయింది, ఆగిపోయింది అంటే ఎదుటివాళ్ళు కంగారు పడతారు. ఇవి వాడితే ఎవరూ కంగారు పడరు.” పిల్లలు అది కూడా రాసుకునేవాళ్ళు.

ఆ కాగితాన్ని బెర్తు కేబిన్‌లో బీరువా తలుపు లోపలి వైపు అతికించారని ఆమెకి శుక్రవారం దాకా తెలియదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. దుర్గ. వీర్రాజు భార్య. ఆసుపత్రి నుంచి ఆటోలో వచ్చింది. చేతిలో ఖాళీ క్యారియర్ ఉంది. సూర్యకళ కాగితాన్ని తిరగేసి పెట్టింది.

“అన్నయ్యా, ఉన్నావా? మంచిదే.” దుర్గ గోడకి ఆనుకుని నేల మీద కూర్చుంది. “కాఫీ వొద్దు వొదినా. పొయ్యి ముట్టించకు.”

“తిన్నాడా?”

“ఇడ్లీ సగం తిన్నాడు. మిగతాది నన్ను తినీమన్నాడు. తినీసినాను. సిగ్గునేకుండా ఆకలేసీసింది.” ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. “నిన్న నాగబాబు ఒచ్చినాడు. పుస్తకంలో రాసినియ్యన్నీ టీచరక్క మాటలే అన్నాడు. పొగుడుతన్నాడో తిడతన్నాడో తెలిసింది కాదు. ఏటొదినా ఆ మాటలు?”

“ఇప్పుడెందుకు దుర్గా?”

“నాను ఏడు దాకా సదివినాను. సెప్తే అర్థం అవుద్ది. వేరింగ్ డౌనంటే ఏటి?”

సూర్యకళ మొగుడి వైపు చూసింది. అతను బూటు తాడు ముడి విప్పుతున్నాడు.

“అరుగుతోంది అని.”

“సెప్పులు కూడా అరుగుతాయి. టేపరింగాఫ్?”

“తగ్గుతోంది. సన్నగిల్లుతోంది.”

“ఫాలింగాఫ్?”

“తగ్గుతోంది.”

“అదీ తగ్గడమేనా?”

“అదీ తగ్గడమే.”

“అన్నీ ఒకటే అయితే ఇన్ని మాటలెందుకు మరి?”

“రోజూ ఒకే మాట రాస్తే బాగోదని,” అన్నాడు దేవీప్రసాద్. అన్నాక తల దించుకున్నాడు.

దుర్గ అతని వైపు చూడలేదు. “తెగిపోద్ది అనడానికి ఇంగిలీసులో మాట నేదా వొదినా?”

“ఉంది.”

“పలకడం కష్టమా?”

“కాదు. చిన్న మాట.”

కింద వాటాలో కుక్కర్ మూడుసార్లు కూసింది. నాలుగోసారి కూసేదాకా దుర్గ ఆగింది.

“మరి రాయనేదేటి, ఒక్కడూ?”

“ఆ మాట రాస్తే ఎర్ర స్లిప్పు రాయాలమ్మా,” అన్నాడు దేవీప్రసాద్. అతని గొంతు షిఫ్టు అప్పగించేటప్పటి గొంతులా ఉంది. “స్లిప్పు రాస్తే ఆ నిమిషం నుంచీ క్రేన్ ఆగిపోవాలి. మెయింటెనెన్సోళ్ళు ఒచ్చి, చూసి, తాడు మార్చి సంతకం పెట్టేదాకా కదపకూడదు. అది రెండ్రోజులు. ఓడ నిలబడిపోద్ది. స్లిప్పు రాసినోణ్ణి పైకి పిలుస్తారు. అరుగుతంది, తగ్గుతంది అని రాస్తే స్లిప్పు అక్కర్లేదు. మనం చెప్పినట్టూ ఉంటాది, క్రేన్ ఆగినట్టూ ఉండదు. రాజుగారు ఒకసారి టీ తాగతా అన్నారు. రాయండ్రా, నాను వొద్దన్ను, కానీ క్రేన్ ఆగకుండా రాయండి అని.”

“ఆయన నీతో సెప్పినాడా, నేదా?”

“ఎవరు?”

“నా మొగుడు.”

“చెప్పినాడు. మంగళవారం.”

“ఏటని?”

దేవీప్రసాద్ బూటు పక్కన పెట్టాడు. “తాడు మీద గుడ్డ పట్టి లాగుతాం. లోపల తీగలు తెగుంటే గుడ్డ పీచు వాటికి పట్టుకుంటాది. ఆడు లాగితే గుడ్డ సగానికి చిరిగిపోనాది. అది తెచ్చి నా టేబుల్ మీద ఏసినాడు. బావా, పడవ మోకైతే ఈపాటికి కోసి పారేసేవోణ్ణి అన్నాడు.”

“నువ్వేటి సేసినావు?”

“రాసాను.”

“ఏటని రాసినావు?”

“వేరింగ్ ఔట్ ఫాస్ట్ అని. ఫాస్ట్ అని కలిపాను.” అతను మొదటిసారి దుర్గ మొహంలోకి చూశాడు. “ఆ పుస్తకంలో ఫాస్ట్ అని ఎవడూ రాయలేదమ్మా. ఆరేళ్ళ పుస్తకాలు తీసి చూసుకో. నానొక్కణ్ణే రాసాను.”

దుర్గ నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. సూర్యకళ నీళ్ళు తెచ్చి ఇచ్చింది. దుర్గ గ్లాసు పట్టుకుంది కానీ తాగలేదు.

“ఎంత ధైర్యం అన్నయ్యా నీది,” అంది.

దేవీప్రసాద్ లేచి వెళ్ళి మొహం కడుక్కున్నాడు. పంపు చాలాసేపు తిప్పే ఉంచాడు.

సూర్యకళ సంచిలోంచి తన క్లాసు నోట్సు తీసి, చివరి పేజీ చింపింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. కొట్టివేతలు లేవు. పంపు కట్టేసిన చప్పుడు వినగానే పైకి చదివింది, ముందు ఇంగ్లీషులో, తర్వాత దుర్గ కోసం తెలుగులో.

“ఒకటో క్రేన్ తాడు తెగుతుందని మాకు తెలుసు. పంతొమ్మిది రోజులుగా తెలుసు. తెగుతుందని రాస్తే క్రేన్ ఆపాలి కాబట్టి రాయలేదు, క్రేన్ ఆగకుండా రాయమని మాకు నోటిమాటగా చెప్పారు. సిగ్నల్ ఇచ్చేవాళ్ళు రోజూ గీత దాటే నిలబడతారు, వీర్రాజు కూడా అలాగే నిలబడ్డాడు. రెండో క్రేన్‌కి ఉన్నది అదే రోజు వేసిన తాడు, దాన్ని వెంటనే ఆపండి.”

తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ దేవీప్రసాద్ గుమ్మంలో నిలబడిపోయాడు.

“రెండో క్రేన్ సంగతి నీకెవరు చెప్పారు?”

“నువ్వే. గురువారం ఫోన్లో ఎవరికో చెప్తుంటే విన్నాను. ఇవాళ కూడా నడుస్తోందా?”

“నడుస్తంది. ఒకటో దానికి సీలేసారు గదా. ఓడంతా దీనిమీదే.”

“అయితే ఇది రాయి. నీ చేతిరాతతో. రేపు పదకొండింటిదాకా ఆగకు, ఇవాళే ఇన్‌స్పెక్టర్‌కి ఫొటో తీసి పంపు. ఆయన ఆపమంటే రాజుగారు కూడా ఏమీ చెయ్యలేడు.”

“ఉద్యోగం?”

“పోతుంది.”

“ఊరికే అనీసినావు.”

“ఊరికే అనలేదు. నేను రెండు బ్యాచ్‌లు ఎక్కువ తీసుకుంటాను. ఏదో ఒకటి. దేవీ, ఒక్కసారి చూడు ఈ కాగితం. ఇందులో నీకు అర్థం కాని మాట ఒక్కటీ లేదు.”

అతను కాగితం తీసుకున్నాడు. రెండుసార్లు చదివాడు. పెదవులు కదుపుతూ చదవడం అతని అలవాటు. మూడోసారి చదివేటప్పుడు, ఆమె లేచి ఇచ్చిన కుర్చీలో కూర్చున్నాడు. కొత్త తెల్లకాగితం ముందుకు లాక్కున్నాడు. కుడివైపు పైన తేదీ వేశాడు. కింద తన పేరు, టోకెన్ నంబరు రాశాడు. మొదటి వాక్యం రాశాడు. రెండో వాక్యం మొదలుపెట్టాడు.

సూర్యకళ ఊపిరి చప్పుడు కాకుండా నిలబడింది.

“అన్నయ్యా, ఆగు,” అంది దుర్గ.

అతను ఆగాడు.

“ఆయన నిన్ననే సంతకం పెట్టీసినాడు.”

“దేనిమీద?” అంది సూర్యకళ.

“నా అంతట నానే గీత దాటినాను, ఎవరి తప్పూ నేదు అని. రాజుగారు ఒచ్చినారు. పళ్ళు తెచ్చినారు. నన్ను మందులకి పంపినారు. నాను ఒచ్చీసరికి కాగితం మడతెట్టి జేబులో ఎట్టుకుంతన్నారు.”

“మందుల మత్తులో పెట్టించుకున్నారా? అయితే అది చెల్లదు. నేను...”

“మత్తు నేదొదినా. నిన్న పొద్దుటి నుంచీ తెలివిగానే ఉన్నాడు. సదివించుకుని, విని ఎట్టినాడు.”

“ఎందుకు?”

దుర్గ గ్లాసులో నీళ్ళు కొంచెం తాగింది. “పుస్తకం జోలికి ఎవడెల్లినా మూడు షిఫ్టులోళ్ళనీ తీసీసి కొత్త కాంట్రాక్టు ఏసీస్తామన్నారట. పన్నెండుగురు. అందరూ మన ఊరోళ్ళే గదా. ఏట నేక, సేపలు పడక, వలలు మడతెట్టుకుని కూకుంటే ఈయనే కదా భీమిలి బస్సెక్కించి ఒక్కొక్కణ్ణీ తెచ్చి ఈ బెర్తులో ఎట్టినాడు. ఒక కాలు ఎలాగూ పోనాది దుర్గా, పన్నెండిళ్ళ పొయ్యిలు ఎందుకు ఆర్పడం అన్నాడు.”

“నువ్వు ఊరుకున్నావా?”

“అరిసినాను. నర్సమ్మ ఒచ్చి బయటికి పొమ్మంది.”

“మరి ఇంతసేపూ మమ్మల్నెందుకు నిలదీసినావు? వేరింగ్ డౌన్ అంటే ఏటి, టేపరింగాఫ్ అంటే ఏటి అని?” సూర్యకళ గొంతు లేచింది. “ముందే చెప్పొచ్చు కదా!”

“సెప్దావనే ఒచ్చినాను. మెట్లెక్కినంతసేపూ అదే అనుకున్నాను.” దుర్గ గ్లాసు నేల మీద పెట్టింది. “ఒకసారైనా ఎవరినో ఒకర్ని అడగాల గదొదినా. రేపు ఆ కాగితాలు ఇన్‌స్పెక్టర్ కాడికి ఎల్లిపోతే ఇంక నాను అడగడానికుండదు. తప్పు నా మొగుడిదే అయిపోద్ది.”

దేవీప్రసాద్ పెన్నుకి మూత పెట్టాడు. చిన్న చప్పుడే అయినా ఇద్దరూ అటు తిరిగారు.

“రాయి,” అంది సూర్యకళ.

“ఎలగ రాస్తాను? ఆడు నా తప్పే అని సంతకం ఎట్టినాడు. నాను కాదంటే ఆడు అబద్ధాలకోరవుతాడు. ఇద్దరివీ పక్కపక్కన ఎట్టుకుని చదూతారు.”

“అబద్ధమే కదా అది.”

“ఆడి అబద్ధం. ఆడి కాలుతో కొన్నాడు దాన్ని. నాను ఇప్పుడు చెడగొట్టమంటావా?”

“రెండో క్రేన్?”

అతను లేచి, సగం రాసిన కాగితాన్ని మడిచాడు. మళ్ళీ మడిచాడు. ఇంక మడవడానికి వీలుకానంత చిన్నగా అయ్యాక జేబులో పెట్టుకున్నాడు.

“రెండో క్రేన్ ఇంకొన్నాళ్ళు లాగుద్ది,” అన్నాడు.

“ఎన్నాళ్ళు?”

“అది ఎవడికి తెలుసు? మెల్లిగా అరుగుద్ది.”

సూర్యకళ అతని చెంప మీద కొట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. పదహారేళ్ళ కాపురంలో చెయ్యి ఎత్తడం అదే మొదలు. అతను పక్కకి తప్పుకోలేదు. తగిలితే బాగుండునన్నట్టు అలాగే నిలబడ్డాడు.

దుర్గ లేచి క్యారియర్ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. గిన్నెల మూతలు తీసి చూసుకుని క్యారియర్‌లోకి అన్నం తనే పెట్టుకుంది. చారు పోసుకుంది. గిన్నెలో మిగిలిన వంకాయ కూర అంతా గీకి పెట్టుకుంది. ఆ చప్పుళ్ళు వింటూ వీళ్ళిద్దరూ హాల్లో ఎదురెదురుగా నిలబడి ఉన్నారు.

“నువ్వు నాతో ఇంకేటైనా చెప్పాలా?” అంది సూర్యకళ.

“లేదు.”

“లేదంటే లేదనా, తర్వాత చెప్తాననా?”

“అన్నం పెట్టీ. టైమవుతంది,” అన్నాడు.

ఆమె పెట్టింది. అతను పీట మీద కూర్చుని తిన్నాడు. చారు రెండోసారి వేయించుకున్నాడు. కంచం అతనే కడిగి బోర్లించాడు. ఎప్పుడూ కడగడు.

ఒంటిగంటా ఇరవైకి సూర్యకళ ఫోన్ మోగింది. నాగబాబు. ఇవాళ బెర్తులో ఉదయం షిఫ్టు ఇన్‌చార్జి అతనే. అతని వెనక క్రేన్ మోటారు శబ్దం వినబడుతోంది.

“టీచరక్కా, అన్నాలు తిన్నారా?”

“చెప్పు నాగబాబూ.”

“ఫోను బావకి ఇవ్వొద్దు. నీతోనే పని. రాజుగారు పొద్దున కేబిన్‌కొచ్చి బీరువా తలుపుకి ఉన్న నీ కాగితం పీకీసినారు. పాత మాటలు ఇకమీద ఒక్కటి కూడా పుస్తకంలో కనబడకూడదన్నారు. ఇన్‌స్పెక్టర్ రేపు చూస్తాడు కదా. రెండింటికి షిఫ్టు అప్పగించీయాల. కొత్తది ఒకటి చెప్పక్కా.”

“కొత్తది ఏటి?”

“మాట. తగ్గుతంది అన్నట్టు ఉండాల. కానీ అవి కాకుండా.”

సూర్యకళ బాల్కనీలోకి వెళ్ళింది. ఆరేసిన జాకెట్లకి అవతల, రెండు డాబాల మధ్యలోంచి క్రేన్ పొడుగాటి చెయ్యి పైభాగం కనబడుతుంది. అది కదులుతోంది.

“తాడు ఎలా ఉంది?”

“ఏ తాడక్కా?”

“ఆటలాడకు. రెండో క్రేన్ తాడు. గుడ్డ పెట్టి లాగినావా?”

“లాగినాను.”

“ఏటైంది?”

క్రేన్ మోటారు ఆగి, మళ్ళీ అందుకుంది. “పీచు పట్టుకుంతంది,” అన్నాడు నాగబాబు.

“ఎక్కడ?”

“ఒక్క చోట అని కాదు.”

“నాగబాబూ, విను. ఎర్ర స్లిప్పు రాయి. ఇప్పుడే రాయి. నేనొచ్చి గేటు దగ్గర నిలబడతాను, ఎవరైనా అడిగితే టీచరక్క రాయించిందని చెప్పు.”

“భలేదానివి. నువ్వు ఎవరని చెప్పమంటావు వాళ్ళకి?” అతను నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. “నావల్ల కాదక్కా. వీర్రాజన్న మామీద దయతలచి సంతకం ఎట్టినాడు. నాను స్లిప్పు రాసినానంటే రేపు ఊళ్ళో మొహం చూపించగలనా? పదకొండుగురి ఆడోళ్ళు మా ఇంటిమీదకి రారా?”

“కనీసం గీత దాటి ఎవరినీ నిలబెట్టకు.”

“సిగ్నల్ లేకపోతే ఓడ లోపల బొగ్గు తోసేవోళ్ళ మీద పడుద్ది బొగ్గెత్తే గ్రాబు. ఎవడో ఒకడు ఉండాల.”

“మధ్యాన్నం షిఫ్టుకి సిగ్నల్ ఎవరు?”

‘ఒచ్చీస్తన్నాను’ అని నాగబాబు అవతల ఎవరికో కేకేశాడు.

“నిన్నే. సిగ్నల్ ఎవరు?”

“బావ నీకు చెప్పనేదా?”

సూర్యకళ వెనక్కి తిరిగింది. హాల్లో దేవీప్రసాద్ బూట్లు వేసుకుంటున్నాడు. ఇవాళ డ్యూటీ లేదనే అనుకుంది ఆమె. వాంగ్మూలం ఇచ్చేదాకా ఇంట్లో ఉండమన్నారని శుక్రవారం అతనే చెప్పాడు.

“నిన్న సాయంత్రం బోర్డు మీద రాసారక్కా,” అంటున్నాడు నాగబాబు. “నన్ను డబుల్ షిఫ్టు చెయ్యమన్నారు. బావని ఇన్‌చార్జి నుంచి తీసి వీర్రాజన్న ప్లేసులో ఏసినారు. రాజుగారు ముందు మన ఊరి సన్యాసిరాజు పేరు రాసినారు. బావే ఎల్లి మార్పించుకున్నాడు.”

ఆమె ఫోన్ చెవి దగ్గర నుంచి తీసింది. లైన్ కట్ చేయలేదు.

“సిగ్నల్‌కా నువ్వు వెళ్తోంది?”

దేవీప్రసాద్ తాడు ముడి బిగించాడు. “సన్యాసిరాజుకి ముగ్గురు పిల్లలు.”

“అడిగి మరీ వేయించుకున్నావా?”

“మరేటి చెయ్యమంటావు? క్రేన్ ఆపడం నావల్ల కాదు. తాడు మార్చడం నావల్ల కాదు. నా చేతిలో ఉన్నది ఒకటే, దానికింద ఎవడు నిలబడాలో. అది చేసాను.”

“స్లిప్పు రాయడం నీ చేతిలో లేదా? ఆరేళ్ళు ఉంది కదా!”

“ఉండీది,” అన్నాడు అతను. “ఇప్పుడు నాగబాబు చేతిలో ఉన్నాది. అడుగు.”

దుర్గ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. నిండిన క్యారియర్ ఆమె రెండు చేతుల్లో ఉంది. ఒకరి తర్వాత ఒకరిని చూసింది. ఆమెకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. గుమ్మానికి అడ్డంగా జరిగి నిలబడింది.

“అన్నయ్యా, ఎల్లకు.”

“జరగమ్మా.”

“ఆయనకేటి సెప్పమంటావు? మీ బావ నీ జాగాలో నిలబడ్డాడని సెప్పనా?”

“కూర బాగుందని చెప్పు.”

ఆమె జరగలేదు. అతను ఆమె భుజం పట్టుకుని, మెల్లగా పక్కకి జరిపి చెప్పుల స్టాండు మీది హెల్మెట్ తీసుకున్నాడు. ఫోన్‌లో నాగబాబు గొంతు సన్నగా వినబడుతోంది. సూర్యకళ స్పీకర్ నొక్కింది.

“అక్కా, ఒకటిన్నర దాటీసింది. నాను రాసీయాల. ఉన్నావా?”

“ఉన్నాను. నీ కాళ్ళు పట్టుకుంటాను నాగబాబూ. మీ బావ బయల్దేరాడు. స్లిప్పు రాయి.”

“నన్నది అడక్కక్కా. వేరే ఏదైనా అడుగు. బావ నిలబడతాడని తెలిసి నాకు మాత్రం బావుందేటి? మెత్తగా ఒక్క మాట చెప్పు. రాసుకుని ఎట్టీస్తాను.”

దేవీప్రసాద్ మెట్ల దగ్గర ఆగాడు. హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగించుకుంటూ, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

“ఈజింగ్ ఆఫ్ అని రాయమను, సడలుతందని. ఇప్పటిదాకా ఎవడూ వాడలేదు. ఆడికి వాక్యం కట్టడం రాదు, నువ్వు చెప్పు.”

బూట్ల చప్పుడు ఒక్కో మెట్టూ కిందకి దిగింది. గేటు తెరుచుకుంది. మూసుకుంది. దుర్గ క్యారియర్ నేల మీద పెట్టి సూర్యకళ చేతిలోని ఫోన్ వైపు చూస్తోంది.

“చెప్పక్కా,” అన్నాడు నాగబాబు. “పెన్ను తీసాను.”